ఒక్క కాపీ కోసం నిలబడ్డవాళ్ల తరఫున

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం అనుబంధంలో కంప్యూటర్ నెమ్మదిస్తే ఏం చెయ్యాలో చెబుతూ అరపేజీ వ్యాసం వేశారు. అక్కర్లేని ఫైళ్లు తీసెయ్యండి, వైరస్ స్కాన్ చేయించండి, అప్పటికీ తేడా లేకపోతే కొత్తది కొనుక్కోండి అన్నారు. ఆ పక్క కాలమ్‌లోనే ల్యాప్‌టాప్‌ల ఆఫర్ ప్రకటన ఉంది, కాకతాళీయమే అయ్యుంటుంది. కొనగలిగినవాళ్లు కొనుక్కుంటారు, దాంతో నాకేం పేచీ లేదు. కానీ ఆ వ్యాసంలో నెమ్మదించడం, ఇరుక్కుపోవడం రెండూ ఒకటే అన్నట్టు రాశారు. 22 ఏళ్లుగా రోజుకు పది గంటలు స్క్రీన్ ముందు కూర్చుంటున్నాను, ఆ రెండూ వేర్వేరు జబ్బులు. నెమ్మదైన కంప్యూటర్‌తో ఎలాగో కాపురం చెయ్యొచ్చు. పిలిస్తే పలకని దానితో చెయ్యలేం.

మా షాపు చిక్కడపల్లిలో, నగర కేంద్ర గ్రంథాలయానికి కూతవేటు దూరంలో ఉంది. డీటీపీ, జిరాక్స్, స్పైరల్ బైండింగ్. లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు నోట్సు కాపీలకి వస్తారు. పెళ్లి కార్డులు, అఫిడవిట్లు, గానసభ కార్యక్రమాల ఆహ్వానాలు, అప్పుడప్పుడు కవిగారి సొంత ఖర్చు పుస్తకం. నేను ఇంజనీర్ని కాను. బీకాం తర్వాత అమీర్‌పేటలో మూడు నెలల పేజ్‌మేకర్ కోర్సు, అంతే నా చదువు. షాపులో రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి పేజ్‌మేకర్, అనూ ఫాంట్ల కోసం అట్టేపెట్టుకున్న పాత విండోస్ మిషను. రెండోది మా అక్క కొడుకు ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చిపెట్టింది. నాలుగు కోర్ల (అంటే ఒకేసారి నాలుగు పనులు నడపగల) ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు. అందులో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసిచ్చాడు. పీడీఎఫ్‌లు, ప్రింట్లు, యూనికోడ్ టైపింగు అన్నీ దాని మీదే.

ఆ మధ్య ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ గారు అట్ట ఊడిపోయిన పాత పుస్తకం తెచ్చి, "అమ్మా, దీన్ని మళ్లీ అచ్చు వేయిద్దామనుకుంటున్నాను, టైపు చేసిపెట్టాలి" అన్నారు. 412 పేజీలు. చేత్తో కొడితే నెల పడుతుంది. టెస్సెరాక్ట్ అని ఉచితంగా దొరికే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దానికి తెలుగు చదవడం వచ్చు. స్కాన్ చేసిన పేజీ ఇస్తే అక్షరాలు గుర్తుపట్టి టైపు చేసిన పాఠంలా ఇస్తుంది. వత్తుల దగ్గర తడబడుతుంది, కూర్చుని దిద్దుకోవాలి, అయినా నెల పని వారంలో తెములుతుంది. ఒకేసారి నాలుగేసి పేజీలు చదివేలా మా అక్క కొడుకు చిన్న స్క్రిప్ట్ రాసిచ్చాడు. మంగళవారం షట్టర్ ఎత్తగానే దాన్ని నడిపించి, పక్కన మామూలు పని చూసుకుంటున్నాను. మొదట్లో చిన్న చికాకే. అక్షరం వేలి వెనకాల పడుతోంది. ‘లక్ష్మి’ అని కొడితే ‘లక’ కనబడి, ఒక రెప్పపాటు ఆగి, మిగతాది తర్వాత వచ్చి కూర్చునేది. పెళ్లి కార్డుల్లో ‘చి.ల.సౌ.’ పక్కన ఆ పేరు రోజుకు పదిసార్లు కొడతాం కాబట్టి బాగా తెలిసిపోయింది.

11 దాటాక లాయరు గారి గుమస్తా వచ్చాడు. చేతిలో వంద రూపాయల స్టాంపు పేపర్లు రెండు, ఒకటి అఫిడవిట్‌కి, ఒకటి అద్దె అగ్రిమెంటుకి. ట్రేలో తెల్ల కాగితాల పైన రెండూ పెట్టి, అఫిడవిట్ తెరిచి ప్రింట్ నొక్కాను. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాను. మౌస్ బాణం చక్కగా అటూ ఇటూ తిరుగుతోంది గానీ నొక్కింది దేనికీ తగలడం లేదు. మూలనున్న గడియారం 11:07 దగ్గర నిలబడిపోయింది. "అక్కా, కోర్టుకు పోవాలె, జర జల్ది" అంటున్నాడు గుమస్తా. టెన్షన్‌లో ఇంకో రెండుసార్లు నొక్కాను. కాసేపటికి గడియారం 11:07 నుంచి ఒక్క దూకులో 11:09కి వెళ్లింది, ప్రింటర్ గుర్రుమంది, ఒకే అఫిడవిట్ రెండు స్టాంపు పేపర్ల మీదా అచ్చయ్యి, ఆ వెనకే తెల్ల కాగితాల మీద మరో రెండు వచ్చాయి. నేను నొక్కిన నాలుగింట్లో ఒక్కటీ అది మర్చిపోలేదు, వరసలో పెట్టుకుంది. ఆ వంద నేనే ఇచ్చుకున్నాను. డబ్బు కన్నా, ఆ కుర్రాడు మళ్లీ స్టాంపు వెండర్ దగ్గరికి పరిగెత్తడం చూసి ప్రాణం ఉసూరుమంది.

ఆదివారం మా అక్క కొడుకు వచ్చాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం వాడికి. అంతా విని, "నీ కంప్యూటర్‌కి నువ్వెవరో తెలీదు పిన్నీ" అన్నాడు. వాడు చెప్పిందీ, ఆ తర్వాత నా అంతట నేను తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. పెద్ద పెద్ద ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు, మా జిరాక్స్ కౌంటరు చాలు.

పరీక్షల ముందు ఒక పిల్లవాడు 600 పేజీల నోట్సు కాపీకి ఇస్తాడు. మిషను దాని మీద నడుస్తుంటుంది. ఇంతలో ఒకావిడ ఆధార్ కార్డు పట్టుకొచ్చి "ఒక్కటే కాపీ అమ్మా" అంటుంది. జిరాక్స్ షాపువాళ్లెవరైనా నోట్సు ఆపి ఆ ఒక్కటీ తీసిచ్చేస్తారు. 600 పేజీలవాడికి అర నిమిషం ఆలస్యం, ఆ సంగతి వాడికి తెలియను కూడా తెలియదు. ఆవిడకి అరగంట నిలబడే బాధ తప్పుతుంది. అయితే ఊరికే ఆపెయ్యడం కుదరదు. నోట్సు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకోవాలి, గాజు మీది కాగితం తీసి పక్కన పెట్టాలి, ట్రే మార్చాలి, మళ్లీ అన్నీ యథాస్థానంలో పెట్టాలి. నిమిషానికోసారి ఆపితే ఆ నోట్సు సాయంత్రానికీ అవ్వదు, పేజీలు కలగాపులగమవుతాయి. పైగా ఒక్క కాపీ వాళ్లు వరసగా నలభై మంది వస్తే నోట్సు పిల్లవాడు గోడకానుకుని నిలబడే ఉంటాడు. వాడికీ న్యాయం చెయ్యాలి కదా.

కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లో (విండోస్, లినక్స్ లాంటివన్నమాట) షెడ్యూలర్ అనే భాగం అచ్చంగా ఈ పనే చేస్తుంది. ఉన్నవి నాలుగు కోర్లు, నడవాల్సినవి వందల పనులు. ఒక్కోదానికి కొన్ని మిల్లీ సెకన్ల వంతు ఇస్తుంది, ఆపుతుంది, ఎక్కడ ఆపిందో రాసుకుని ఇంకోదాన్ని ఎక్కిస్తుంది. 1961లో అమెరికాలోని ఎమ్‌ఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటర్‌ని చాలామంది ఒకేసారి వాడుకునే సీటీఎస్‌ఎస్ అనే ఏర్పాటు చేసి చూపించినప్పటి నుంచీ ఈ తగవు ఉంది. త్వరగా తెమిలే పనులకు ముందు వరస, ఎంతకీ తెమలనివాటికి వెనక వరస, కానీ వాటి వంతు వచ్చినప్పుడు ఎక్కువ సేపు. వాళ్లు పెట్టుకున్న పద్ధతి ఇది. మా కౌంటరులో నాకు ఎవరూ నేర్పకుండా అలవాటైన పద్ధతీ అదే.

లినక్స్‌లో ఈ తగవు కథ విన్నప్పుడు నాకు భలే ముచ్చటేసింది. సర్వర్లు నడిపేవాళ్లు గంటలో మొత్తం ఎంత పని తెమిలిందో చూసుకుంటారు. నాలాంటివాళ్లం మీట నొక్కగానే అక్షరం పడిందా లేదా అని చూసుకుంటాం. ఈ రెండోదాని కోసం ఏళ్లకేళ్లు కొట్లాడినవాళ్లలో కాన్ కొలివాస్ ఒకరు. ఆయన ఆస్ట్రేలియాలో మత్తు డాక్టరు! ఆపరేషన్ థియేటర్‌లో మనుషుల్ని నిద్రపుచ్చుతూ, తీరిక సమయంలో కంప్యూటర్లు కునుకు తియ్యకుండా కోడు రాసేవారు. పనులన్నిటికీ వంతులు సమంగా పంచితే డెస్క్‌టాప్ చక్కగా పలుకుతుందని రాసి, నడిపి చూపించారు. 2007లో ఇంగో మోల్నార్ ఆ దారిలోనే, కొలివాస్ పేరు చెప్పి మరీ, తన సొంత షెడ్యూలర్ రాశారు. ఆ అక్టోబరులో వచ్చిన 2.6.23 కెర్నెల్లో (కెర్నెల్ అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) చేరింది మోల్నార్ రాసినదే. పేరు కంప్లీట్లీ ఫెయిర్ షెడ్యూలర్. కొలివాస్ విసిగిపోయి తప్పుకున్నారు, 2009లో మళ్లీ ఇంకో షెడ్యూలర్ పట్టుకుని తిరిగొచ్చారు. మంకుపట్టు మనిషి, నాకు అలాంటివాళ్లంటే ఇష్టం. 2023 అక్టోబరులో వచ్చిన 6.6 కెర్నెల్ నుంచి ఈఈవీడీఎఫ్ అనే మరో పద్ధతి వచ్చింది. దాని లెక్క 1995 నాటి పరిశోధనా పత్రంలోది. చిన్న వంతు చాలన్నవాడికి గడువు త్వరగా పడుతుంది, పెద్ద వంతు కావాలన్నవాడికి ఆలస్యంగా పడుతుంది, మొత్తం వాటా మాత్రం ఇద్దరికీ సమానం. ఆధార్ కాపీ ఆవిడా, నోట్సు పిల్లవాడూ అన్నమాట.

ఇక మా షాపు సంగతి. లినక్స్‌లో ప్రతి పనికీ ‘నైస్’ అని ఒక అంకె ఉంటుంది, -20 నుంచి 19 దాకా. అంకె పెరిగేకొద్దీ ఆ పనికి మర్యాద ఎక్కువ, పక్కవాళ్లకు దారి వదులుతుంది. మామూలుగా అన్నీ సున్నా దగ్గర ఉంటాయి. సున్నా ఉన్న పనికి 1024 పాళ్ల బరువైతే 19 ఉన్నదానికి 15 పాళ్లే. ఒకే కోరు కోసం పోటీ పడ్డప్పుడు నా టైపింగుకి 1024, ఓసీఆర్‌కి 15. నేను చేతులు ముడుచుకుని కూర్చుంటే కోరు మొత్తం ఓసీఆర్‌దే. మా వాడు ధీమాగా దానికి 19 పెట్టి నడిపించాడు.

ఏం తేడా రాలేదు. వాడి ముఖం చూడాల్సింది.

చాయ్ తెప్పించుకుని గంటసేపు వెతికాడు. తేలిందేమిటంటే, మైక్ గాల్‌బ్రెయిత్ అనే ఆయన 2010 చివర్లో రాసిన ఒక చిన్న మార్పు 2011 మార్చిలో 2.6.38 కెర్నెల్‌తో అందరికీ వచ్చింది. దాని పేరు ఆటోగ్రూప్. కమాండ్లు టైపు చేసే ఒక టెర్మినల్ విండోలో మొదలైన పనులన్నిటినీ ఒక కుటుంబంగా లెక్కగట్టి, కుటుంబానికి ఒక వాటా ఇస్తుంది. మనలాంటివాళ్ల మేలు కోరి పెట్టిందే అది. ఒక విండోలో పదహారు పనులు కుక్కినా పదహారు వాటాలు లాక్కోలేవు. కానీ అది పనిచేస్తున్నంతసేపూ నైస్ అంకె ఆ కుటుంబం లోపలే చెల్లుతుంది. ఇంట్లో ఎంత అణకువగా ఉన్నా వీధిలో ఆ ఇంటి వాటా ఆ ఇంటిదే. ఇంటి మొత్తానికీ కలిపి 19 పెట్టడానికి వేరే ఫైలు ఉంది, అందులో రాశాడు. అప్పుడు మారింది. ‘లక్ష్మి’ అని కొడితే వేలి కిందే ‘లక్ష్మి’ పడింది. నాలుగు కోర్లూ నూటికి నూరు చూపిస్తున్నాయి, గ్రాఫు పైకప్పుకి అంటుకుని ఉంది, అయినా టైపింగుకి అడ్డం లేదు. వంద పేజీలకు మునుపు 26 నిమిషాలు పడితే ఇప్పుడు 28 పట్టింది. ఆ రెండు నిమిషాలకి నేనేం పేదదాన్నయిపోను. ప్రాసెసర్ వాడకం 90 శాతం దాటితే ప్రమాదమని మీ వ్యాసంలో ఎర్ర రంగు డబ్బాలో వేశారు. పని ఇస్తే పని చేస్తోంది పాపం, అందులో ప్రమాదమేముంది?

అయితే స్టాంపు పేపరు పాడుచేసిన జబ్బు ఇది కాదని మర్నాడే తెలిసింది. ఓసీఆర్ నడుస్తుండగా ఒక పెళ్లి కార్డు తాలూకు ఫోటోలు తెరిచాను, బ్రౌజర్‌లో మెయిల్ తెరిచాను, మళ్లీ బిగుసుకుపోయింది. ఈసారి ముందు జాగ్రత్తగా ఏ పని ఎంత వాడుకుంటోందో చూపించే ‘టాప్’ అనే కమాండ్ ఒక మూల తెరిచి పెట్టుకున్నాను. అది కూడా ఎనిమిది, పది సెకన్లకోసారి గానీ మారలేదు, అయినా చూపించాల్సింది చూపించింది. ఇరుక్కున్న సమయంలో ప్రాసెసర్ వాడకం పెరగలేదు, పడిపోయింది! 100 నుంచి 20కి వచ్చేసింది. అన్ని పనులూ వరసలో నిలబడి ఉన్నాయి, చెయ్యాల్సినవాడు గోళ్లు గిల్లుకుంటున్నాడు. ‘డబ్ల్యూఏ’ అనే అంకె మాత్రం 70 పైన ఉంది, అంటే డిస్కు కోసం ఎదురుచూపు. కేబినెట్ మీద డిస్కు తాలూకు ఎర్ర లైటు మిణుకుమిణుకు మానేసి ఒకటే ఎరుపుగా వెలుగుతోంది. చెవి ఆనిస్తే లోపల ఎలుక కొరికినట్టు కరకర.

మా షాపులో బల్ల చిన్నది, పైన అటక ఉంది. బల్ల మీద చోటు చాలకపోతే ఇప్పుడప్పుడే అక్కర్లేదనుకున్న కాగితాలు అటకెక్కిస్తాం. ర్యామ్ బల్ల అయితే, డిస్కు మీద స్వాప్ అని పక్కన పెట్టుకున్న చోటు అటక. ఓసీఆర్ నాలుగేసి పేజీలు పరుచుకునేసరికి 4 జీబీ బల్ల నిండిపోయింది. కాసేపటి నుంచి ఎవరూ ముట్టుకోని కాగితాలు ఏవా అని చూసి సిస్టమ్ వాటిని పైకి ఎక్కించింది. నేను గుమస్తాతో మాట్లాడుతున్న రెండు మూడు నిమిషాల్లో ముట్టుకోనివి ఏవి? ప్రింట్ విండోవీ, మూలనున్న గడియారానివీ. నేను ప్రింట్ నొక్కగానే వాటిని దింపాలి, దింపడానికి చోటు కావాలి, చోటు కోసం ఇంకేవో ఎక్కించాలి, ఎక్కించినవే మరుక్షణం కావాలి. కాగితాలు ఎక్కించి దించేవాడికి నిచ్చెన ఎక్కి దిగడానికే సరిపోయింది. 5400 చుట్ల డిస్కుకి ఒక్క చుట్టు తిరగడానికే 11 మిల్లీ సెకన్లు పడుతుంది, ఇక్కడొక ముక్క, అక్కడొక ముక్క చదవమంటే సెకనుకు వంద ముక్కలు చదవడం గగనం. అదే ర్యామ్‌లో సెకనుకు లక్షల సార్లు చూసి రావచ్చు. ఇక్కడ నైస్ అంకె ఎంత మార్చినా లాభం లేదు. షెడ్యూలర్ పాపం "నీ వంతే, రా" అని పిలుస్తూనే ఉంది. రావాల్సినవాడి కాగితాలు అటక మీదున్నాయి.

మందు చిన్నదే. నాలుగేసి పేజీలు బదులు రెండేసి చదవమన్నాం, ఆ రోజుకి గండం గడిచింది. తర్వాత సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీకి వెళ్లి ఇంకో 4 జీబీ ర్యామ్, ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ (చుట్లు తిరగనక్కర్లేని డిస్కు) తెచ్చుకున్నాం. రెండూ కలిపి 2,600 రూపాయలు. మీ వ్యాసం ప్రకారమైతే 40 వేలు పెట్టి కొత్తది కొని, దాని మీద కూడా నాలుగేసి పేజీలు నడుపుతూ కూర్చునేదాన్ని.

విండోస్ వాడే పాఠకులకు ఒక మాట. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ అనే చోట ఏ పని మీదైనా కుడి క్లిక్ చేస్తే ప్రయారిటీ మార్చుకోవచ్చు. బరువు పనిని ‘బిలో నార్మల్’కి దించండి చాలు. మీకు కావలసినదాన్ని ఆత్రంగా ‘రియల్ టైమ్’కి ఎక్కించకండి, అది కీబోర్డు, మౌస్ పనుల్ని కూడా తోసుకుని ముందుకెళ్లి కంప్యూటర్‌నే కదలనివ్వకపోవచ్చు. ముందు వరస ఇచ్చేస్తే అంతా సర్దుకుంటుందనుకోవడం ఎంత పొరపాటో 1997లో అంగారకుడి మీద దిగిన నాసా వారి పాత్‌ఫైండర్ నౌక చూపించింది. అందులో వాతావరణ వివరాలు సేకరించే వెనక వరస పని ఒకటి, సమాచారం వెళ్లడానికి అందరూ పంచుకునే దారి తాళం పుచ్చుకుంది. అదే తాళం కోసం ముందు వరస పని ఒకటి కాచుకుని ఉంది. ఈలోగా మధ్య వరస పని ఒకటి వచ్చి, వెనక వరసదాన్ని కదలనివ్వలేదు. ముందు వరస పని గడువు దాటిపోయేసరికి కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ అయ్యేది. నోట్సు పిల్లవాడి చేతిలో స్టేప్లర్ ఉందనుకోండి, వాణ్ణి ఎవరో కబుర్లలో పెట్టారనుకోండి, కోర్టు గుమస్తాకి నేను ఎంత ముందు వరస ఇచ్చి ఏం లాభం? తాళం ఉన్న పనికి, దాని కోసం కాచుకున్న పెద్ద పని వరసని తాత్కాలికంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. దాన్ని భూమి మీద నుంచే ఆన్ చేసి బాగుచేశారు.

పెన్‌డ్రైవ్ గొడవ కూడా ఈ బాపతే. 2 జీబీ ఫైలు కాపీ పెడితే, ఎంతవరకు అయిందో చూపించే గీత చకచకా చివరికి వెళ్లిపోతుంది. నిజానికి అప్పటికి చాలా భాగం ర్యామ్‌లోనే ఉంటుంది, నాసిరకం పెన్‌డ్రైవ్ మీదికి తీరిగ్గా దిగుతుంటుంది. ఒక గ్రూప్స్ అబ్బాయి గీత నిండగానే లాక్కెళ్లాడు, మర్నాడు తిరిగొచ్చి ఫైలు తెరుచుకోవడం లేదని నామీద కేకలేశాడు. అప్పటి నుంచి ‘ఎజెక్ట్ చేసేదాకా ముట్టుకోవద్దు’ అని గోడకి కాగితం అంటించాను. ఎవరూ చదవరు.

ఇదంతా నా నాలుగు గోడల మధ్య గొడవే అయితే మీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. పోయిన నెల మా అత్తగారికి కావలసిన పత్రం కోసం ఊళ్లోనే ఒక కౌంటరుకి వెళ్లాను. ఏ కార్యాలయమో రాయను. టోకెన్ 31. పనులు బాగానే నడుస్తున్నాయి, 11 కాగానే ఆగిపోయాయి. "సర్వర్ డౌన్ అమ్మా, కూర్చోండి" అన్నాడు లోపలి అబ్బాయి. ఆ మాటకి మన ఊళ్లో తిరుగులేదు, కరెంటు పోయిందన్నట్టే. అందరం కూర్చున్నాం. నేను ఊరుకోకుండా కౌంటరు మీంచి వంగి చూశాను. పక్క కౌంటరులో అదే వెబ్‌సైట్ హాయిగా నడుస్తోంది. ఈ అబ్బాయి స్క్రీన్ మాత్రం తెల్లగా పాలిపోయి, పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని ఉంది. అడుగున వైరస్ స్కాన్ గుర్తు తిరుగుతోంది. బల్ల కింద కేబినెట్ మీద ఎర్ర లైటు, నా షాపులో చూసిన అదే ఎరుపు. "బాబూ, స్కాన్ నడుస్తున్నట్టుంది కదా" అన్నాను. "రోజూ పదకొండుకి వస్తుంది మేడం, నలభై నిమిషాలు ఇంతే. ఆపడానికి మాకు పాస్‌వర్డ్ లేదు" అన్నాడు.

వెనకనుంచి ఒక పెద్దాయన "జీతాలు తీసుకుంటారు, పని చెయ్యరు" అని గట్టిగా అన్నారు. ఆ అబ్బాయి తలెత్తలేదు. ఎంటర్ మీట మళ్లీ మళ్లీ నొక్కుతున్నాడు. నేను లెక్కపెట్టాను, ఐదుసార్లు. నా స్టాంపు పేపర్లు గుర్తొచ్చి, "వద్దు బాబూ, నొక్కకు, అన్నీ తర్వాత ఒకేసారి పడతాయి" అన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

స్కాన్ చెయ్యొద్దని నేను అనడం లేదు. ఎప్పుడు చెయ్యాలో టైము పెట్టుకునే వీలు అలాంటి సాఫ్ట్‌వేర్‌లలో చాలావాటికి ఉంటుంది. 11 గంటలని ఎవరో ఒకసారి పెట్టి మర్చిపోయి ఉంటారు. దాన్ని భోజన విరామానికి మార్చడానికి టెండరు అక్కర్లేదు, ఫైలు కదలక్కర్లేదు. ఆ పాస్‌వర్డ్ ఉన్నవాళ్లెవరో మీ పత్రిక చదివితే అంతకన్నా నాకు కావలసింది లేదు.

రెండో కోరిక కొనేవాళ్లకి. కౌంటర్ల కోసం కంప్యూటర్లు కొనేటప్పుడు ఎన్ని గిగాహెర్ట్జ్, ఎన్ని జీబీ అని రాస్తారు. ముందున్న మనిషి పేరు టైపు చేస్తే, వెనకాల స్కాన్, అప్‌డేట్ నడుస్తున్నా సరే, అక్షరం ఎంతసేపట్లో పడాలో కూడా ఒక్క లైను రాయమనండి. ఇది కొత్త ఊహ కాదు. సెకనులో పదో వంతు లోపు జవాబొస్తే మనిషికి వెంటనే వచ్చినట్టు అనిపిస్తుందని 1968లోనే రాబర్ట్ మిల్లర్ రాశారు. పరీక్షించడానికి పెద్ద పరికరాలూ అక్కర్లేదు. వేలూ, స్క్రీనూ రెండూ కనబడేలా ఫోన్లో స్లోమోషన్ వీడియో తీస్తే మీట కిందికి వెళ్లడానికీ అక్షరం పడడానికీ మధ్య ఎంత గడిచిందో లెక్కపెట్టొచ్చు. మేం మా షాపులో అలాగే చూశాం. వీడియో తీస్తున్న మా వాడు నా గోరింటాకు బాగా పండిందన్నాడు, ఆ సంగతి ఇక్కడ అనవసరం.

మీ ఆదివారం వ్యాసం రాసినవారి మీద కోపమేమీ లేదు. ఈసారి రాసేటప్పుడు, కొనమని చెప్పేముందు ఒక్కసారి ఆ ఎర్ర లైటు వంక చూడమనండి.

లెక్చరర్ గారి పుస్తకం ఇంకా అయిపోలేదు. మొదటి ఓసీఆర్‌లో వత్తులు మరీ తప్పులు పడ్డాయని ఆయన పేజీలు మళ్లీ స్కాన్ చేయించారు. ఈ ఉత్తరం కొడుతున్నంతసేపూ వెనకాల అది నడుస్తూనే ఉంది, ప్రస్తుతం 287వ పేజీ మీద ఉంది. ఇప్పుడే ఎవరో పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కుతున్నారు, ఉంటాను.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు యజమానురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్.